నార్వే మంచు పటాల సేవ: ఏడేళ్లు వాడిన తర్వాత

మా నాన్న ఉప్పాడలో బోటు నడిపేవారు. వేటకు వెళ్లేముందు రేవులోని బోర్డు చూసి వచ్చేవారు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ పంపే సమాచారం దాని మీద ఉండేది: ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్లు వెళితే, ఎంత లోతు నీటిలో చేపలు దొరికే అవకాశం ఉందో. ఉపగ్రహాలు కొలిచిన నీటి వేడిని, నీటిలోని పచ్చదనాన్ని బట్టి వేసే అంచనా అది. మబ్బులు కమ్మితే అంచనా ఉండదు. ఆ బోర్డు మీద నాన్నకు నమ్మకం ఉండేది. అయినా అది చదివాక ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి అలల వైపు చూడకుండా ఇంటికి తిరిగి వచ్చేవారు కాదు.

నేనిప్పుడు నార్వేలో, ఆర్కిటిక్ వలయానికి పైనున్న ట్రోమ్సో పట్టణంలో ఉంటున్నాను. సముద్రపు మంచు అడుగున పెరిగే నాచు మీద పరిశోధన చేస్తాను. ఇక్కడ నాకూ ఒక బోర్డు దొరికింది. నార్వే వాతావరణ సంస్థ పనిదినాల్లో రోజుకొకటి చొప్పున విడుదల చేసే మంచు పటం అది. ఏడేళ్లుగా ఏ సాయంత్రం కూడా దాన్ని చూడకుండా కంప్యూటర్ మూసిన గుర్తు లేదు. డబ్బు కట్టాల్సిన పని లేదు, పేరు నమోదు చేసుకోవాల్సిన పని లేదు, ఎవరైనా తెరిచి చూడవచ్చు. ఆర్కిటిక్ గురించి వార్తల్లో చదివి, అక్కడ ఈ రోజు నిజంగా ఎలా ఉందో చూడాలనుకునే తెలుగువారు కూడా దీన్ని వాడుకోవాలని ఈ సమీక్ష రాస్తున్నాను.

పటం చూడటానికి చాలా సాదాగా ఉంటుంది. గ్రీన్‌లాండ్ తూర్పు తీరం నుంచి స్వాల్‌బార్డ్ దీవుల మీదుగా బారెంట్స్ సముద్రం దాకా చూపిస్తుంది. నీటి మీద పదింట ఎన్ని వంతులు మంచు కప్పిందో రంగులు చెబుతాయి. లేత నీలం అంటే దాదాపు ఖాళీ నీరు. ఆకుపచ్చ అంటే పదింట ఒకటి నుంచి నాలుగు వంతులు, పసుపు నాలుగు నుంచి ఏడు, నారింజ ఏడు నుంచి తొమ్మిది, ఎరుపు తొమ్మిది నుంచి పది. తీరానికి అతుక్కుని కదలకుండా ఉండే మంచుకు బూడిద రంగు. ఈ ఆరు రంగులు గుర్తుంటే చాలు, పటం చదవడం వచ్చేసినట్టే. స్వాల్‌బార్డ్ దీవులను దగ్గరి నుంచి చూపే పటం విడిగా ఉంది, నేను ఎక్కువగా తెరిచేది దాన్నే.

దీని అసలు విలువ దాన్ని తయారుచేసే పద్ధతిలో ఉంది. ఇది యంత్రం తనంతట తాను వేసిన పటం కాదు. ట్రోమ్సోలో కూర్చున్న మంచు నిపుణులు ఉపగ్రహ చిత్రాలను తెర మీద పరుచుకుని, ఏ మంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తమ చేత్తో గీత గీస్తారు. వారి ప్రధాన ఆధారం యూరప్‌వారి సెంటినెల్-1 ఉపగ్రహాల రాడార్ చిత్రాలు. రాడార్‌కు మబ్బు అడ్డం రాదు, చీకటి అడ్డం రాదు. నవంబరు చివర మొదలై జనవరి మధ్య దాకా మా ఊళ్లోనే సూర్యుడు కనిపించడు, ఇంకా ఉత్తరాన ఆ చీకటి నెలలకు నెలలు సాగుతుంది. అలాంటి చోట వెలుగు మీద ఆధారపడే ఉపగ్రహాన్ని నమ్ముకుంటే శీతాకాలమంతా కళ్లకు గంతలు కట్టుకున్నట్టే.

అయితే రాడార్ కూడా పొరబడుతుంది. గాలికి గరుకెక్కిన ఖాళీ నీరు రాడార్ చిత్రంలో మంచులా తెల్లగా మెరుస్తుంది. వేసవిలో పైభాగం కరిగి తడిసిన మంచు నీటిలా నల్లగా కనిపిస్తుంది. ఏది ఏమిటో తేల్చాలంటే నిన్నటి పటం గుర్తుండాలి, గాలి ఎటు వీచిందో తెలియాలి, ఆ సముద్రం స్వభావం తెలిసి ఉండాలి. అలా ఏళ్ల తరబడి చూసిన కన్నే ఈ పటాన్ని గీస్తోంది.

చాలామందికి తెలిసిన ఆర్కిటిక్ లెక్క అమెరికాలోని బౌల్డర్ నుంచి వచ్చేది, అక్కడి జాతీయ మంచు సమాచార కేంద్రం ఇచ్చేది. 2012 సెప్టెంబరు 17న ఆర్కిటిక్ మంచు విస్తీర్ణం 33.9 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయిందని మనం చదివిన సంఖ్య వారిదే. 1978 చివరి నుంచి దాదాపు తెంపు లేకుండా సాగుతున్న ఆ లెక్క అమూల్యమైనది, నేను తరగతిలో పాఠం చెప్పినప్పుడల్లా దానితోనే మొదలుపెడతాను. కానీ అందులో సముద్రాన్ని పాతిక కిలోమీటర్ల గడులుగా విభజిస్తారు. గడిలో 15 శాతం మంచుంటే చాలు, విస్తీర్ణంలోకి ఆ గడి మొత్తం చేరిపోతుంది. నలభై ఏళ్ల మార్పు చూడటానికి అది చక్కగా సరిపోతుంది. రేపు పొద్దున ఫలానా చోట ఓడ ఆపి మంచు మీదికి దిగవచ్చా అంటే మాత్రం ఆ గడి జవాబు చెప్పదు. నార్వే పటం చెబుతుంది.

నా పనికి పసుపు, నారింజ రంగుల పట్టీ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మంచు పలకల అడుగున నాచు పెరుగుతుంది. పలకకు పైనుంచి కిందికి గొట్టపు బరమాతో రంధ్రం చేసి, మీటరు పైచిలుకు పొడవున్న మంచు కడ్డీని బయటికి లాగుతాము. పైనంతా పాలలా తెలుపు. అడుగున రెండు మూడు సెంటీమీటర్లు మాత్రం బెల్లపు పానకం రంగులో ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆటుపోటు దిగిన రేవు వాసన. ఆ అడుగు ముక్కను రంపంతో కోసి, వడగట్టిన సముద్రపు నీటిలో వేసి నెమ్మదిగా కరిగిస్తాము. ఊరికే కరగనిస్తే ఉప్పదనం ఒక్కసారిగా తగ్గి నాచు కణాలు పగిలిపోతాయి. ఆ నాచును తినేది కాలనస్ అనే ప్లవకం, అంటే నీటిలో తేలియాడే చిన్న జీవి, బియ్యపు గింజంత ఉంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే దాని మీసాలు ఎర్రగా, ఒంటి నడుమ నూనె సంచి గాజు గొట్టంలా నిగనిగలాడుతూ కనిపిస్తుంది. దాన్ని పోలార్ కాడ్ అనే చేప తింటుంది, ఆ చేపను సీళ్లు తింటాయి, సీళ్ల కోసం ధ్రువపు ఎలుగులు మంచు మీద కాపు కాస్తాయి. పటంలో ఆ పసుపు పట్టీ ఎక్కడుంటే వసంతంలో ఆ విందు అక్కడ జరుగుతుంది. మంచు అంచు వెనక్కి తగ్గేకొద్దీ నీటిలోని నాచు పూత కూడా దాని వెంటే ఉత్తరానికి నడుస్తుంది.

బూడిద రంగును కూడా పట్టించుకోమని చెబుతాను. మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం 2008 నుంచి స్వాల్‌బార్డ్‌లోని న్యూ-ఓలెసుండ్‌లో పనిచేస్తోంది కదా, అది కోంగ్స్‌ఫ్యోర్డ్ అనే ఫ్యోర్డ్ ఒడ్డునే ఉంది; ఫ్యోర్డ్ అంటే కొండల నడుమకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. 2006 తర్వాత ఆ ఫ్యోర్డ్‌లో తీరాన్ని అంటుకుని ఉండే మంచు బాగా తగ్గిపోయింది. గుండ్రటి మచ్చలుండే రింగ్డ్ సీళ్లు అలాంటి మంచు మీద పేరుకున్న హిమంలో గుహలు తవ్వి పిల్లల్ని పెడతాయి. ఏప్రిల్ పటంలో ఆ ఫ్యోర్డ్ లోపలి కొసన బూడిద రంగు గోరంత కూడా లేకపోతే, ఆ ఏడు అక్కడి సీలు పిల్లలు ఎలుగులకూ పెద్ద సముద్రపు పక్షులకూ కనిపించేలా బయటే పడి ఉండాల్సి వస్తుంది.

ఇక లోటు. శని, ఆదివారాల్లో పటం రాదు. ఒక వసంతంలో బారెంట్స్ సముద్రానికి వెళ్లాము. శుక్రవారం పటంలో మేము అనుకున్న చోటు లేత నీలంగా ఉంది, అంటే వల దించడానికి అనువైన ఖాళీ నీరు. సోమవారం తెల్లవారుజామున పని మొదలుపెడదామని ప్రణాళిక వేసుకున్నాము. శనివారం ఉత్తరపు గాలి మొదలైంది, సెకనుకు 15 మీటర్లకు తగ్గలేదు. మంచు గాలి వేగంలో సుమారు రెండు శాతం వేగంతో కొట్టుకుపోతుంది, అదీ గాలి వీచే దిశకు కాస్త కుడివైపుగా. 1893లో ఫ్రామ్ ఓడను కావాలని మంచులో ఇరికించి తీసుకెళ్లిన నార్వే అన్వేషకుడు నాన్సెన్ ఈ సంగతి గమనించాడు. ఆ లెక్కన రోజుకు పాతిక కిలోమీటర్లు. ఆదివారం రాత్రి ఓడ పక్కల మంచు పలకలు రాసుకునే చప్పుడు నా గది గోడలోంచి వినిపించింది. తెల్లారేసరికి చుట్టూ పసుపు రంగు మంచే, వల దించే జాగా లేదు. పద్నాలుగు గంటలు పోయాయి. తప్పు పటానిది కాదు, తేదీ దాని మీదే ఉంది. గాలిని లెక్కలోకి తీసుకోకుండా మూడు రోజుల నాటి రంగును నమ్మింది మేము. తర్వాత నాన్నకు ఫోనులో ఈ సంగతి చెబితే ఆయన అడిగిన మొదటి మాట, "గాలి ఎటునుంచి కొట్టిందమ్మా?" అని.

అయినా నా కోరిక నేను చెబుతాను. కనీసం మార్చి నుంచి జూన్ దాకా శని, ఆదివారాల్లోనూ పటం రావాలి. ఆ నెలల్లో ఆ నీళ్లలో పరిశోధకులు ఉంటారు, చేపల బోట్లు ఉంటాయి, యాత్రికుల ఓడలు ఉంటాయి. మనుషులను పెట్టి చేయించే పని కాబట్టి ఖర్చవుతుందని తెలుసు. ఆ ఖర్చు పెట్టదగినదని నా గట్టి నమ్మకం.

ఇంకో బలహీనత ఉపగ్రహాలది. 2021 డిసెంబరులో సెంటినెల్-1బి పాడైపోయింది. రెండు కళ్లలో ఒకటి పోయినట్టయింది. దాని స్థానంలో సెంటినెల్-1సి ఎగిరింది 2024 డిసెంబరులో. మధ్యలో మూడేళ్లు. ఇంత పెద్ద సముద్రానికి కాపలా కాసే కన్ను పోతే మరొకటి వెంటనే ఎక్కించేలా సిద్ధంగా ఉండకపోవడం నాకు మింగుడుపడదు.

ఈ గీతలు ఎంత బరువైనవో తెలియడానికి ఒక సంగతి. నార్వేలో చమురు తవ్వకాలను ఎంత ఉత్తరం దాకా అనుమతించాలనే వాదన ఏళ్లుగా మంచు అంచు చుట్టూ తిరుగుతోంది. 2020లో పార్లమెంటు ఒక గీతకు ఒప్పుకుంది: 1988 నుంచి 2017 దాకా ఉన్న లెక్కల ప్రకారం, ఏప్రిల్ నెలలో 15 శాతం రోజుల్లోనైనా మంచు కనిపించే చోటు. నార్వే ధ్రువ పరిశోధన సంస్థ ఇచ్చిన సలహా 0.5 శాతం, అంటే గీత ఇంకా దక్షిణంగా ఉండాలని. ఆ రెండు గీతల నడుమ ఎంతో సముద్రం ఉంది. నేను పానకం రంగు ముక్కలు కోసుకొచ్చే చోట్లు అలాంటి నీళ్లలోనే ఉన్నాయి. వందలో పది రోజులు మాత్రమే మంచు వచ్చే చోటును మంచు లేని చోటుగా లెక్కగట్టడం నాకు ఎప్పటికీ సమ్మతం కాదు. ఆ పది రోజులకే అక్కడి ప్రాణులు ఏడాదంతా ఎదురుచూస్తాయి.

వాడకం గురించి రెండు మాటలు. పటం చిన్న బొమ్మ ఫైలుగా వస్తుంది. ఓడలో ఇంటర్నెట్ నత్తనడక నడిచే చోట కూడా తెరుచుకుంటుంది, ఇది చిన్న సౌకర్యం కాదు. లెక్కలు వేసుకునేవారికి అదే సమాచారం యూరప్‌వారి కోపర్నికస్ సముద్ర సేవలో కిలోమీటరు గడులుగా దొరుకుతుంది, అక్కడ మాత్రం పేరు నమోదు చేసుకోవాలి. మంచు మందం ఎంతో ఈ పటం చెప్పదు. ఎరుపు రంగు కింద అరచేతి మందం మంచు ఉండవచ్చు, మనిషి ఎత్తు మంచూ ఉండవచ్చు. ఐదుకు నాలుగున్నర ఇస్తాను, ఆ అర తగ్గించింది శని, ఆదివారాల కోసం.

కొత్తగా చూసేవారు ముందు పాత పటాల విభాగానికి వెళ్లండి. స్వాల్‌బార్డ్ దీవుల్లో ఆగ్నేయాన దారప్పోగులా సన్నగా ఒక దీవి ఉంటుంది, పేరు హోపెన్. ఆడ ఎలుగులు శరదృతువులో మంచు మీద నడిచి ఆ దీవికి చేరి, పిల్లల్ని పెట్టడానికి హిమంలో గుహలు తవ్వుకుంటాయి. మంచు ఆలస్యంగా చేరిన ఏళ్లలో అక్కడ గుహలు తగ్గాయని పరిశోధకులు లెక్క తేల్చారు. నవంబరు నెల పటాలను ఏడాది తర్వాత ఏడాదిగా తెరుస్తూ, ఆ దారప్పోగు చుట్టూ ఏ రంగు ఉందో చూడండి.