ఇన్సులిన్‌కు పెన్నా, సిరంజీయా: ఏది మేలు?

డిశ్చార్జి రోజు షుగర్ పేషెంటు ఇంటివాళ్లు దాదాపు తప్పకుండా అడిగే మాట: "సిస్టర్, పెన్ కొనమంటారా, మామూలు సూది చాలా?" పెన్ అంటే లోపలే ఇన్సులిన్ ఉండి, అంకె తిప్పి బటన్ నొక్కితే మందు ఎక్కే కలంలాంటి పరికరం. ఖర్చు చూస్తే సీసా, సిరంజీయే చవక. అయినా నేను ముందు చూసేది ఖర్చు కాదు. ఇంట్లో సూది వేసేదెవరు, వాళ్లకు సన్నగీతలు ఆనుతాయా, చేతులు వణుకుతాయా అన్నది.

అసలు చిక్కంతా 40, 100 దగ్గరే. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్. పెన్నులో సాధారణంగా 100 ఉంటుంది. సిరంజీలూ రెండు రకాలే: 40కి ఎర్రమూత, 100కి నారింజ మూత. డాక్టరు 20 యూనిట్లు రాశారనుకోండి. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజీతో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. షుగర్ దిగదు, మందు పనిచేయట్లేదనుకుని మోతాదు పెంచుతారు. ఇక పెన్ మొరాయించిందని అందులోని 100 మందును ఎర్రమూత సిరంజీతో 20 గీతకు లాగితే 50 యూనిట్లు పడిపోతాయి. అది ప్రాణం మీదికి తెస్తుంది. పెన్నులోంచి సిరంజీతో మందు ఎప్పుడూ లాగకండి.

పెన్నుతో ఈ లెక్కల గొడవ ఉండదు. అంకె తిప్పుకోవడమే, ఒక్కో యూనిట్‌కూ టిక్కుమని వినిపిస్తుంది కూడా. చూపు మందగించిన పెద్దవాళ్లకు, ఒంటరిగా ఉండేవాళ్లకు నేను పెన్నే చెబుతాను.

అలాగని పెన్ చేతికిచ్చేస్తే సరిపోదు. "అర్థమైందా అమ్మా?" అంటే అందరూ తలూపుతారు. అందుకే "ఏదీ, మీరు చేసి చూపించండి" అంటాను. కొత్త సూది బిగించి, ముందు 2 యూనిట్లు గాల్లోకి వదిలి, సూదికొసన చుక్క కనబడ్డాకే అసలు మోతాదు తిప్పాలి. బటన్ నొక్కాక పది లెక్కపెట్టాలి. చాలామంది ఇక్కడే వెంటనే సూది లాగేస్తారు, చర్మం మీద మందు చుక్క నిలుస్తుంది. తెల్లగా మబ్బులా ఉండే ఇన్సులిన్‌ను అరచేతుల మధ్య దొర్లించాలి, గట్టిగా కుదపకూడదు. రోజూ ఒకేచోట పొడిస్తే అక్కడ గడ్డకట్టి మందు సరిగా ఎక్కదు, కాబట్టి పొట్టమీద చోటు మార్చుకుంటూ పోవాలి.

ఒంటికి తగిలించుకుంటే ఇన్సులిన్‌ను కొద్దికొద్దిగా ఎక్కిస్తూ ఉండే పంపు గురించీ అడుగుతుంటారు. ఖరీదెక్కువ, ఎక్కువగా టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని షుగర్ రకం) వాళ్లు వాడతారు. అది స్పెషలిస్టుతో మాట్లాడి తేల్చుకోవాల్సిన సంగతి.

సర్కారు ఆస్పత్రిలో సీసా ఉచితంగా వస్తూ, ఇంట్లో కళ్లు బాగా కనిపించే కొడుకో కోడలో రోజూ వేసేటట్లయితే సిరంజీతో భేషుగ్గా నడుస్తుంది. సిరంజీలు కొనేటప్పుడు మాత్రం ఇంట్లోని సీసాను వెంట తీసుకెళ్లండి. సీసా మీది అంకె, సిరంజీ మీది అంకె ఒకటేనని షాపులోనే చూసుకోండి.