ఖాళీ సోఫా, పది పాటలు: పారామోర్ తొలి ఆల్బమ్

అమెరికన్ రాక్ బ్యాండ్ పారామోర్ అనగానే చాలామందికి 2007లో వచ్చిన ‘రయట్!’ ఆల్బమ్ గుర్తొస్తుంది. బ్యాండ్‌కి పేరు తెచ్చింది అదే మరి. నాకు మాత్రం అంతకు రెండేళ్ళ ముందు, 2005 జులైలో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ ‘ఆల్ వి నో ఈజ్ ఫాలింగ్’ మీదే మనసు. కాలేజీ రోజుల నుంచీ వింటున్నాను. ఈలోగా ఫోన్లు మారాయి, ఇయర్‌ఫోన్లు మారాయి, అప్పట్లో నాతో కలిసి పాప్ పంక్ (హుషారైన ట్యూన్లతో వేగంగా సాగే రాక్) విన్నవాళ్ళు చాలామంది దాన్ని ఎప్పుడో వదిలేశారు. నాకు ఈ పది పాటలు ఇంకా మొహం మొత్తలేదు.

ముందు కవర్ చూడండి. ఎర్ర సోఫా, అందులో ఎవరూ లేరు, వెళ్ళిపోతున్న మనిషి నీడ మాత్రం ఉంది. టెనెస్సీ రాష్ట్రంలోని ఫ్రాంక్లిన్ అనే ఊరి పిల్లలు వీళ్ళు. రికార్డింగ్ కోసం ఫ్లోరిడాలోని ఓర్లాండో వెళ్ళారు. అక్కడికి చేరిన కొద్ది రోజులకే బేస్ గిటార్ వాయించే జెరెమీ డేవిస్ బ్యాండ్ వదిలి వెళ్ళిపోయాడు. ఆల్బమ్ పేరు, ఆ కవర్, మొదటి పాట అన్నీ ఆ దెబ్బలోంచి వచ్చినవే. దానికి తోడు పాడే అమ్మాయి హేలీ విలియమ్స్ తల్లిదండ్రుల విడాకుల బాధ కూడా ఈ పాటల్లో ఉంది.

నన్ను ఇన్నేళ్ళూ పట్టి ఉంచింది ఇదే. ఆ రోజుల్లో ఎమో (మనసులోని బాధను బాహాటంగా పాడే రాక్) వాసన ఉన్న పాప్ పంక్ అంటే ఎక్కువగా ఒక అబ్బాయి గొంతు, తనను కాదన్న అమ్మాయి మీద కోపం. ఇక్కడ వదిలి వెళ్ళింది ప్రేయసి కాదు, స్నేహితుడు. పాడుతున్నది పదహారేళ్ళ అమ్మాయి. స్నేహితుడు దూరమైతే కలిగే బాధకు సినిమా పాటల్లో కూడా పెద్దగా చోటు దొరకదు. ఆ బాధను ఇంత సూటిగా, ఎవరినీ తిట్టకుండా పాడిన ఆల్బమ్ నాకు ఇంకొకటి తగల్లేదు.

హేలీ గొంతు గురించి ఒక్క మాట. తర్వాతి ఆల్బమ్‌లలో ఆమెకు వచ్చిన ధీమా ఇందులో ఇంకా పూర్తిగా లేదు. పైస్థాయికి వెళ్ళేటప్పుడు గొంతు బిగుసుకుంటుంది, అయినా వెనక్కి తగ్గదు. ‘ఎమర్జెన్సీ’ పల్లవి వినండి, నేనంటున్నది అర్థమవుతుంది. రికార్డు కంపెనీ అట్లాంటిక్ రికార్డ్స్ వాళ్ళు ఆమెను ఒక్కదాన్నే పాప్ సింగర్‌గా నిలబెట్టాలనుకుంటే, కాదు, నాకు బ్యాండే కావాలని పట్టుబట్టిన అమ్మాయి. ఆ మొండితనం పాటలో వినిపిస్తుంది. డ్రమ్స్ వాయించిన జాక్ ఫారోకి ఆల్బమ్ వచ్చేనాటికి పదిహేనేళ్ళు. ‘ప్రెషర్’లో అతని వాయింపు వింటే ఆ వయసు నమ్మబుద్ధి కాదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మధ్యలో వచ్చే రెండు మూడు పాటలు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ‘హియర్ వి గో అగైన్’ అయిపోయి ‘నెవర్ లెట్ దిస్ గో’ మొదలైందని పని చేసుకుంటూ వింటే తెలియదు కూడా. గిటార్లు గోడ కట్టినట్టు నిండిపోయి బేస్ అడుగున పడిపోయింది. మామూలు ఇయర్‌బడ్స్‌లో అయితే అది ఉన్నట్టే అనిపించదు. ‘వో’ జనం మధ్య గొంతు కలిపి పాడుకోవడానికి బాగుంటుంది, ఒంటరిగా వింటే నాకు ఎక్కదు.

నేను ఎక్కువసార్లు వెనక్కి వెళ్ళే పాట ‘ఫ్రాంక్లిన్’. సొంత ఊరికి తిరిగొస్తే అది పాత ఊరిలా లేకపోవడం గురించి. హేలీతో పాటు గిటారిస్ట్ జాష్ ఫారో కూడా పాడతాడు, రెండు గొంతులూ ఒకదాన్నొకటి ఆనుకుని నడుస్తాయి. మొదట్లో ఇది ఒక మంచి నెమ్మది పాట, అంతే. కానీ 2010 చివర్లో జాష్, జాక్ ఇద్దరూ బ్యాండ్ నుంచి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి ఆ రెండు గొంతులు కలిసే చోటు వచ్చిందంటే చేతిలో పని ఆపేస్తాను. వెళ్ళిపోయిన జెరెమీ మళ్ళీ వచ్చాడు, 2015లో మళ్ళీ వెళ్ళిపోయాడు. జాక్ 2017లో తిరిగొచ్చాడు. జాష్ రాలేదు. చిన్న వయసులో ఒక్కడు వెళ్ళిపోయాడని రాసుకున్న పాటలు వీళ్ళ బ్యాండ్ కథ మొత్తానికీ సరిపోయాయి.

ఈ బ్యాండ్ కొత్తయితే ‘ఎమర్జెన్సీ’తో మొదలుపెట్టండి. నచ్చితే ఒక సాయంత్రం షఫుల్ ఆపేసి మొదటి నుంచి వరసగా వినండి, 40 నిమిషాలు కూడా పట్టదు. ఆఖరి పాట ‘మై హార్ట్’ మెల్లగా మొదలై, చివరికొచ్చేసరికి హేలీ గొంతు వెనక జాష్ అరుపులు అందుకుంటాయి. అరుపులు పడనివాళ్ళు కూడా ఆ పాట మధ్యలో ఆపకండి. ముందు తొమ్మిది పాటలూ విని వస్తే అవి ఎందుకున్నాయో తెలుస్తుంది.