సంతకం కోసం పంపే సీ5 అట్టకవరు: నాలుగు స్టార్లు

లండన్‌లో నాటకశాలల పేటైన వెస్ట్ ఎండ్ నటులకు నాటకం ప్రోగ్రాం (నటుల వివరాలుండే పుస్తకం) పంపి సంతకం అడిగేవాళ్లకు వెనక అట్ట ఉన్న ఈ కవరు (162 × 229 మి.మీ.) బాగా పనికొస్తుంది. మూలలు నలగవు. పెద్ద సైజు ప్రోగ్రాంలు మాత్రం పట్టవు, ముందే కొలవండి. స్టార్ తగ్గించింది మందానికి: 5 మి.మీ. దాటితే రాయల్ మెయిల్‌లో (బ్రిటన్ తపాలా) లార్జ్ లెటర్ అనే ఎక్కువ ధర. మీ చిరునామా రాసి లోపల పెట్టే తిరుగు కవరుకు స్టాంపు తక్కువైతే అదనపు రుసుము మీ నెత్తినే. హైదరాబాద్ నుంచి పంపినా దానికి బ్రిటన్ స్టాంపులే అంటించాలి; బార్‌కోడ్ లేని పాత మామూలు స్టాంపులు 2023 జులై 31 తర్వాత చెల్లవు.

పైకవరు మీద నటుడి పేరు, ‘స్టేజ్ డోర్’ (నటులు వచ్చిపోయే ద్వారం), థియేటర్ చిరునామా రాయండి. ఉత్తరం ఒక్క పేజీ, నచ్చిన ఒక్క సన్నివేశం, ఒక్క ప్రోగ్రాం. ప్రోగ్రాం నున్నటి అట్ట మీద బాల్‌పెన్ సిరా అలుక్కుపోతుంది, సన్నమొన మార్కర్‌తో సంతకం చేయమని మర్యాదగా అడగండి.