మసకబారిన హెడ్‌లైట్లు: పేస్టా, పాలిషా, సాండ్ పేపరా?

‘లైట్లు పచ్చబడ్డాయి, టూత్‌పేస్ట్ రుద్దితే పోతుందా?’ అని తెలిసినవాళ్లు అడగని నెల ఉండదు. పోతుంది. మళ్లీ వస్తుంది కూడా. ఎన్నాళ్లకు వస్తుందన్నదే అసలు లెక్క.

మొన్నామధ్య నా కారుకే ఆ పని పడింది. ఎడమ లైటుకు పాలిష్ మాత్రం పట్టించాను. కుడిదాన్ని సాండ్ పేపర్‌తో రుద్ది, పాలిష్ చేసి, పైన యూవీ క్లియర్ కోట్ (ఎండను ఆపే పారదర్శక పూత) కొట్టాను. ఆ సాయంత్రం చూస్తే రెండింటికీ తేడా లేదు. నాలుగు నెలలు ఎండలో తిరిగాక ఎడమది పైఅంచు నుంచి మళ్లీ పచ్చబడింది. కుడిది చెక్కుచెదరలేదు.

లైటు ముందుండే లెన్స్ గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. దెబ్బకు ఓర్చుకుంటుంది గానీ ఎండకు ఓర్చుకోలేదు. అందుకే తయారీలోనే పైన రక్షణ పూత వేస్తారు. అతినీలలోహిత కిరణాలకు ఏళ్ల తరబడి పాడయ్యేది మొదట ఆ పూతే. దాన్ని రుద్ది తీసేసి ఊరుకుంటే ప్లాస్టిక్‌ను ఒంటిమీద బట్ట లేకుండా ఎండలో నిలబెట్టినట్టే. కాబట్టి దేనితో రుద్దామన్నదాని కంటే, రుద్దాక పైన ఏం వేశామన్నదే ముఖ్యం.

టూత్‌పేస్ట్‌లో సన్నటి రాపిడి పదార్థం ఉంటుంది, పైపై మసకకు పనిచేస్తుంది. రేపు పొద్దున్నే పెళ్లికి వెళ్లాలంటే సరే. వంటసోడా, వెనిగర్ కలిపితే నురగ బాగా వస్తుంది, అంతే. ఆ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, పని చేసేది మన చెయ్యే. డీట్ అనే రసాయనం ఉన్న, ఒంటికి రాసుకునే దోమల మందు మాత్రం వద్దు. అది ప్లాస్టిక్ పైపొరనే మెత్తబరిచి మెరిపిస్తుంది, తర్వాత ఇంకా పాడవుతుంది.

పాలిష్‌ను తీసిపారేయను. మసక తేలిగ్గా ఉండి, పూత ఎక్కడా పెచ్చులు లేవకపోతే అదే చాలు. మిగిలిన మంచి పూతను సాండ్ పేపర్‌తో గీకెయ్యడం ఎందుకు?

పెచ్చులు లేచిందంటే మాత్రం సాండ్ పేపరే. చుట్టూ పెయింట్‌కు టేప్ అంటించి, నీళ్లు చల్లుతూ 800 నంబరు పేపర్ నుంచి 1000, 2000, 3000 దాకా వెళ్లాలి (నంబరు పెరిగేకొద్దీ పేపర్ నునుపు). మొదట కారే నీళ్లు పసుపు కలిపినట్టు ఉంటాయి. అవి పాలలా తెల్లగా మారేదాకా 800ను వదలకండి. అప్పటికి లెన్స్ గరుకుటద్దంలా తయారై, ఉన్నదీ పోయిందని టెన్షన్ వస్తుంది. నాకూ వచ్చింది. ఒక నంబరు అడ్డంగా, తర్వాతిది నిలువుగా రుద్దితే పాత గీతలు పోయాయో లేదో తెలిసిపోతుంది. ఆఖర్న ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక కోట్ పలచగా రెండు మూడుసార్లు కొట్టాలి. గట్టిపరిచే మందు కలిసే టూకే రకం ఎక్కువ కాలం ఆగుతుంది. కానీ దాని ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆరుబయట, దానికి తగిన మాస్క్ పెట్టుకునే కొట్టండి. అంత ఓపిక లేనివాళ్లు కనీసం వ్యాక్స్ పూసి, అప్పుడప్పుడూ మళ్లీ పూస్తుండాలి.

లోపల చెమ్మ పట్టినా, లెన్స్ లోపలే పగుళ్లున్నా ఇవేవీ పనికిరావు. సీల్ చూపించుకోవాలి, లేదా లైటే మార్చాలి.

నా ఎడమ లైటుకు ఇంకా తీరిక చిక్కలేదు. కారు ఒక కంటికే శుక్లం తీయించుకున్నట్టు తిరుగుతోంది.