సమోవా యువతకు ఉపాధి: పరదేశంలో సీజను పనా, సొంత దీవిలో కొలువా?
సుమారు 2 లక్షల జనాభా గల పసిఫిక్ ద్వీపదేశం సమోవాలో బడి ముగించిన యువతకు ప్రధానంగా రెండు దారులున్నాయి.

ఖర్చు: న్యూజీలాండ్ 2007లో ప్రారంభించిన పథకం కింద సమోవన్లు 11 నెలల వ్యవధిలో గరిష్ఠంగా 7 నెలలు అక్కడి పండ్ల తోటల్లో పనిచేయవచ్చు గనుక ఉద్యోగాలు సృష్టించే భారం సమోవా ఖజానాపై పడదు. స్వదేశీ ఉపాధికి మాత్రం శిక్షణాలయాలు, చిన్న వ్యాపారాలకు రుణాలు, ఏళ్ల తరబడి ఓపిక కావాలి.

నష్టభయం: అసలు చిక్కు ఇక్కడే ఉంది. సీజను కూలి ఇల్లు కట్టడానికి, పిల్లల ఫీజులకు అక్కరకొస్తుంది. కానీ ఊళ్లో చేమదుంప తోటలకు మనుషులు కరవవుతారు, పసివాళ్లు తండ్రికి దూరంగా పెరుగుతారు, కొలువులో ఉన్నవారు సైతం రాజీనామా చేసి విమానమెక్కుతారు. 2023లో సమోవా ప్రభుత్వం కార్మికులను ఇలా పంపడాన్ని కొంతకాలం నిలిపి విధానాన్ని సమీక్షించడం నా దృష్టిలో అవసరమైన నిర్ణయమే. స్వదేశంలో ముప్పు పర్యాటకంపై ఆధారపడటం. 2020లో సరిహద్దులు మూయగానే హోటళ్లు వెలవెలబోయాయి.

నైపుణ్యం: కోతపని నేర్పేది తక్కువ.

చేతిలో పెట్టుబడి లేక, త్వరగా కొంత కూడబెట్టాలనుకునే గ్రామీణ నిరుద్యోగికి ఒకటి రెండు సీజన్ల వలస తగినది. వృత్తివిద్య పొందినవారికి, చిన్నపిల్లల తల్లిదండ్రులకు, నర్సులు, వడ్రంగులు కొరవడిన దీవికి స్వదేశీ ఉపాధే మేలు.