సందులే అసలు సంగతి: బిగ్ షోల్డర్స్ స్టెన్సిల్‌తో నాలుగేళ్లు

ఒంగోలులో మాది స్టిక్కర్ కటింగ్ షాపు. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల వాళ్లు స్లాబుల చెక్క పెట్టెల మీద స్ప్రే కొట్టుకునే స్టెన్సిళ్లు మా దగ్గరే కోయించుకుంటారు. నాలుగేళ్లుగా వాటికి నేను పెడుతున్న ఫాంటు బిగ్ షోల్డర్స్ స్టెన్సిల్. షికాగో నగరం కోసం గీసిన ఫాంట్ల కుటుంబం ఇది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది, వ్యాపారానికి వాడుకున్నా పైసా కట్టక్కర్లేదు.

అంతకు ముందు ఎమ్మెస్ ఆఫీసుతో వచ్చే 'స్టెన్సిల్' అనే పాత ఫాంటు వాడేవాణ్ణి. 1937లో అమెరికన్ టైప్ ఫౌండర్స్ కోసం జెర్రీ పావెల్ గీసింది. రాజసం చూస్తే దానిదే. ఇప్పటికీ ఎవరైనా మిలటరీ హోటల్ బోర్డు అడిగితే అదే తీస్తా. కానీ ఇంగ్లీషు చిన్న బడి అక్షరాలు అందులో లేవు, పైగా ప్రతి అక్షరమూ అడ్డంగా పరుచుకుంటుంది. నాలుగంగుళాల చెక్క మీద కంపెనీ పేరు సగం దాటకుండానే చోటు అయిపోయేది. బిగ్ షోల్డర్స్ ఇరుకుగా, నిలువుగా సాగుతుంది. పేరంతా పట్టి, పక్కన బండిల్ నంబరుకి కూడా జాగా మిగులుతుంది.

తొమ్మిది మందాల్లో వస్తుంది గానీ నాకు పనికొచ్చేవి లావు రెండే. సన్నవి తెర మీద ముచ్చటగా ఉంటాయి, స్ప్రేకి నిలవవు.

ఇక చిక్కు. స్టెన్సిల్ అక్షరంలో సందు అలంకారం కాదు. సున్నా, ఎనిమిది లోపలి బిళ్ల ఊడి పడకుండా పట్టుకునే పట్టీ అక్కడుంటుంది. మూడంగుళాల అక్షరమైతే సమస్య లేదు. అంగుళంన్నరకి దిగితే ఆ పట్టీ దారమంత అవుతుంది, నాలుగైదు సార్లు కొట్టేసరికి పైకి లేచి రంగు కిందికి పాకుతుంది. అట్టా పాకి ఒకసారి బి కాస్తా 8లా కనపడింది, ఆ పెట్టె వేరే వరసలోకి పోయింది. తప్పు ఫాంటుది కాదు, నాదే. అప్పట్నుంచీ చిన్న సైజుకి కోరెల్ డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో సందులు నేనే వెడల్పు చేసి కోస్తున్నా.

తెలుగు ఇందులో లేదు. తెలుగు అడిగిన వాళ్లకి రామభద్ర ఫాంటు తీసుకుని సందులు నేనే పెడతా. మన లిపి సగం పని ముందే చేసిపెట్టింది: ప, స, హ తలకట్లు విడిగానే ఉంటాయి, వత్తులూ చాలావరకు అంతే. ఇబ్బందల్లా సున్నలాంటి మూసుకున్న గుండ్రాలతోనే. మొదటిసారి 'ఒంగోలు' అని కోస్తే నడిమి బిళ్ల ఊడి చేతిలోకొచ్చింది. పైనా కిందా రెండు నిలువు పట్టీలు వదిలి మళ్లీ కోశా. స్ప్రే కొట్టే కుర్రాడు చూసి, "ఏందన్నా, సున్నకి నామం పెట్టావు?" అన్నాడు.