జాగ్రత్త: ‘నాటు పెట్ట, వారంలో గుడ్డు’ అంటూ అంటగట్టే ముదురు ఫారం కోళ్లు

ఇంట్లో పెంచుకోవడానికి పెట్టలు కొంటున్నవాళ్లు ఇది చదివాకే డబ్బివ్వండి. ట్రాలీ ఆటోల్లోనూ సంతల్లోనూ ‘గుడ్డుకొచ్చిన నాటు పెట్ట’ పేరుతో గుడ్ల ఫారాల్లో తీసేసిన ఎర్ర లేయర్లను (గుడ్ల కోసమే పెంచే కోళ్లను) అమ్ముతున్నారు. ఇవి 18–20 వారాలకు గుడ్డుకొస్తాయి. మామూలుగా 72–80 వారాల దాకా పెట్టించుకుని, పెంకు పల్చబడి మేత ఖర్చు గిట్టుబాటు కానప్పుడు కేజీల లెక్కన కూరకు తోసేస్తారు. కూరకు కొంటే బాధ లేదు. పడుచు పెట్టని చెప్పి పెంచుకునేవాళ్లకు ఇవ్వడమే మోసం.

కోడిని తప్పకుండా చేతిలోకి తీసుకుని చూడండి. పైముక్కు కొన మొద్దుగా తెగి ఉంటే అది ఫారందే. నాటు పిల్లలకు ముక్కు ఎవరూ కత్తిరించరు. రొమ్ము ఎముక వెంట వేలు పోనివ్వండి. పడుచు పెట్టకు ఆ ఎముక చివర కాస్త మెత్తగా వంగుతుంది. ముదురుదానికి బిగుసుకుపోయి ఉంటుంది, పంజరంలో పెరిగినదైతే వంకరో ముడో తగులుతుంది. తర్వాత వెనుక ద్వారం కింద అటూ ఇటూ ఉండే సన్నటి ఎముకలు చూడండి. గుడ్డుకు రాని పెట్టకు వాటి మధ్య ఒక వేలు కూడా సరిగ్గా పట్టదు. ‘ఇంకా తొలి గుడ్డే పెట్టలేదు’ అంటున్నదానికి మూడు వేళ్లు పడితే అక్కడే వదిలేసి రండి. గుడ్లు ఆపేసిన ముదురు పెట్టకూ ఆ సందు మళ్లీ బిగుస్తుంది కాబట్టి ఈ ఒక్క గుర్తునే నమ్ముకోవద్దు. ఈకల నిగారింపుకు అసలే మోసపోకండి. ఈకలు రాలి కొత్తవి వచ్చాక రెండేళ్ల కోడి కూడా పడుచుదానిలా మెరుస్తుంది. ముక్కు మాత్రం దాచలేరు.

గుడ్లకే కావాలంటే రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ వాళ్ల గ్రామప్రియ రకం కోడిపిల్లల్ని తెచ్చి పెంచుకోవడం మేలు.

ఇప్పటికే కొనేసి ఉంటే, దాన్ని వదిలించుకోకుండా సాకాలనుకుంటే, గర్భసంచి జబ్బులకు సిద్ధంగా ఉండండి. తోక దించి, పదేపదే ముక్కుతూ కూర్చుంటే గుడ్డు అడ్డుపడి ఉండొచ్చు. పొట్ట మునిగేలా 38–40 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో 15–20 నిమిషాలు కూర్చోబెట్టి, తుడిచి, ద్వారం చుట్టూ కొబ్బరినూనె రాసి, చీకటిగా వెచ్చగా ఉండే చోట ఒంటరిగా వదలండి. పొట్ట నొక్కొద్దు. లోపల పెంకు పగిలితే గర్భసంచి కోసుకుపోతుంది. ఒక రోజులో రాకపోతే డాక్టరే దిక్కు. ఎర్రటి కండ బయటికొస్తే ఉప్పునీళ్లతో కడిగి, వాపు తగ్గడానికి పంచదార అద్ది, మిగతా కోళ్ల నుంచి వెంటనే వేరుచేయండి. ఎరుపు కనబడితే అవి పొడిచి చంపేస్తాయి.

పొట్ట నీటి సంచిలా వేలాడుతూ, కోడి నిట్టనిలువుగా నిలబడి కాళ్లు ఎడంగా వేస్తుంటే సొన గుడ్డు దిగే గొట్టంలోకి పోకుండా కడుపులో పడి కుళ్లుతోందేమోనని అనుమానించాలి. గర్భసంచి గడ్డలకూ ఇలాగే ఉంటుంది. డాక్టరు సూదితో నీరు తీస్తే ఊపిరి తేలికవుతుంది కానీ మళ్లీ నిండుతుంది.

అమ్మినవాళ్లే ‘గుడ్ల మందు’ అని చీటీ లేని పొడి పొట్లాలిస్తే వాడకండి. కాల్షియం ఈ కుళ్లును నయం చేయదు, ఆ పొడిలో యాంటీబయోటిక్ ఉంటే మీరు తినే గుడ్డులోకి వస్తుంది. కోళ్లకు కోలిస్టిన్ అనే యాంటీబయోటిక్ వాడకుండా కేంద్రం 2019లోనే నిషేధించింది. చీటీ లేకపోతే అందులో ఏముందో ఎలా తెలుస్తుంది?

బియ్యం, నూకలు మాత్రమే వేస్తే పెంకు గట్టిపడని తోలుగుడ్లు రావచ్చు. లేయర్ మేత పెట్టి, ఆల్చిప్ప ముక్కలు విడిగా ఒక గిన్నెలో ఉంచండి. కావలసినంత అదే ఏరుకుంటుంది. రాత్రి గూట్లో బల్బు వెలిగించొద్దు. వెలుతురు పెరిగితే గుడ్లు పెట్టే పని మళ్లీ మొదలవుతుంది, ఈ వయసు కోడికి కావాల్సింది విశ్రాంతి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వాళ్లు మాట్లాడతారు. చివరి గుడ్డు ఎప్పుడు పెట్టింది, పెంకు ఎలా ఉంది, మేత తింటోందా, రెట్ట ఏ రంగులో ఉంది, ఇవి చెప్పడానికి సిద్ధంగా ఉండండి.